దోన్యా క్రిసాంతా చేతి గ్లోరియాలు

పాలు మళ్లీ అడుగంటాయి.

ఒరాలియా రాగి గిన్నెను పొయ్యి మీంచి దింపింది. పొద్దుట్నుంచి గరిటె తిప్పితిప్పి భుజం లాగేస్తోంది. ఆరు లీటర్ల మేకపాలు, చక్కెర, చిటికెడు వంటసోడా, పెకాన్ పప్పు. అన్నీ అమ్మ చెప్పిన కొలతలే. అయినా గిన్నెలో మిగిలింది నల్లటి ముద్ద. ఆ నెలలో అది నాలుగోసారి.

"ఏమైందే?" పక్క గదిలో మంచం మీంచి తల్లి అడిగింది.

"ఈసారీ పోయిందమ్మా."

"మంట ఎక్కువైందేమో. తగ్గించి చూడు."

"పోయినసారి పెంచమన్నావు."

చిట్లిన పాకం పడి ముంజేయి బొబ్బలెక్కింది. ఒరాలియా దాన్ని చన్నీళ్ల కింద పెట్టి నిలబడింది.

లినారెస్ ఊళ్లో ఒరాలియా తల్లి క్రిసాంతాను అందరూ మర్యాదగా దోన్యా అని పిలుస్తారు. దోన్యా క్రిసాంతా గ్లోరియాలంటే తెలియనివాళ్లు లేరు. ఎర్రటి మెరుపు కాగితంలో చుట్టిన, ఉసిరికాయంత పాలమిఠాయి ఉండలు. పెళ్లికైనా బాప్తిస్మానికైనా ఆ పళ్లెం రాకపోతే జనానికి విందు తిన్నట్టుండదు. మొగుడు పోయాక ఆమె ఆ మిఠాయితోనే కూతుర్ని పెంచింది. చేసే రోజు వంటింటికి లోపల గడియ పెట్టుకునేది. కూతుర్ని కూడా రానిచ్చేది కాదు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయాకే ఆ విద్య చెప్పడం మొదలుపెట్టింది. అదీ మంచం మీంచి, నోటిమాటగా.

ఆ విద్య ఒరాలియా చేతికి అంటలేదు.

ఈలోగా ఫాదర్ ఎవెలియో చర్చి పండుగకు రెండు వందల ఉండలు కావాలని కబురు పంపాడు. కాదనడానికి ఒరాలియాకు నోరు రాలేదు. బస్సెక్కి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఎక్కడ పాలమిఠాయి కనబడితే అక్కడ ఒకటి కొని నోట్లో వేసుకుంది. ఒకచోట తీపెక్కువ. ఇంకోచోట మేకపాల వాసనే లేదు.

మొంతెమొరెలోస్‌లో, నారింజ తోటల పక్క వీధిలో, హెర్లిందా అనే ముసలావిడ ఇంట్లో కొరికిన ముక్కకు మాత్రం ఆమె కదలకుండా నిలబడిపోయింది. అచ్చం అమ్మ గ్లోరియాలే.

"రెండు వందలు కావాలి దోన్యా. కాగితం చుట్టకుండా ఇస్తారా?" తల వంచుకుని అడిగింది.

ఎందుకని హెర్లిందా అడగలేదు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, "విడిగానే ఇస్తాలే అమ్మాయ్. బస్సులో కిటికీ పక్కన పెట్టకు, ఎండకు అంటుకుపోతాయి" అంది.

ఇంటికొచ్చి ఒరాలియా వంటింటి గడియ పెట్టుకుంది. వాసన రావాలని మూకుట్లో కాసిని పాలు, చక్కెర మాడ్చింది. ఒక్కో ఉండకూ ఎర్ర కాగితం చుట్టింది. చివరికి ఒకటి తీసుకెళ్లి తల్లి నోటికి అందించింది.

దోన్యా క్రిసాంతా కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. కళ్లు తెరిచేసరికి తడి.

"వచ్చిందే. నా గ్లోరియాల రుచే వచ్చింది."

ఒరాలియా బయటికి వెళ్లి పెరటి గోడకు ఆనుకుని ఏడ్చింది.

పండుగనాడు ఫాదర్ పన్నెండు ఉండలు తిన్నాడు. "తల్లి చెయ్యి కూతురికొచ్చింది" అని అందరి ముందూ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆమెకు చెంపమీద పడినట్టున్నాయి.

అలా ఏడాది గడిచింది. ప్రతి వారం బస్సు, ప్రతి వారం గడియ. పాపం మోస్తూ తీసుకోకూడదని పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం మానేసి చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేది. తప్పు ఒప్పుకోవడానికి పాపసంకీర్తనానికి వెళ్దామంటే వినేది ఆ ఫాదరే. ఏ మొహంతో చెబుతుంది? దారిలో ఎవరైనా "నీ చేతిలో మహత్తుందే ఒరాలియా" అంటే చేతులు శాలువాచాటున దాచుకునేది.

చలికాలంలో దోన్యా క్రిసాంతాకు జబ్బు ముదిరింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫాదర్ వచ్చి, చివరి ఘడియల్లో రాసే పవిత్ర తైలం నుదుటి మీద రాసి, ప్రార్థన చేసి వెళ్లాడు. గదిలో తల్లీకూతుళ్లు మిగిలారు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని ఒరాలియాకు తెలిసింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"అమ్మా, ఆ గ్లోరియాలు నేను చేసినవి కాదు. ఒక్కటి కూడా కాదు. మొంతెమొరెలోస్‌లో ఒకావిడ దగ్గర కొనుక్కొస్తున్నాను. నీ పేరు చెప్పి ఊరంతా పంచుతున్నాను. నీ పేరు పాడుచేశానమ్మా."

తల్లి ఊపిరి బరువుగా వినిపిస్తోంది.

"తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఉండ నోట్లో పెట్టావు చూడు, ఆ రోజునుంచి."

"మరి నీ రుచే వచ్చిందన్నావు? ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అడగలేదేం? తిట్టకపోయావా నన్ను?"

"నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిదే" అంటూ ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. "అన్ని నెలలు నిన్ను ఆ పొయ్యి ముందు నిలబెట్టి చేతులు కాల్పించాను. ఇందాక ఫాదర్ పాపాలేమైనా ఉంటే చెప్పుకోమన్నా చెప్పలేకపోయాను."

"ఏం చెప్పలేకపోయావు?"

"నాకు గ్లోరియాలు చెయ్యడం ఏనాడూ రాదే తల్లీ, ముప్ఫై ఏళ్లూ నేనూ ఆ హెర్లిందా దగ్గరే తెచ్చాను."