వేళ్ళు కనబడాలి

"ఇది పగిలిన డిస్కు బాబాయ్ గారూ. మధ్యలోంచి గీత వచ్చేసింది, చూడండి."

పాత డీవీడీలు కాపీ చేసిచ్చే కొట్టావిడ ఆ డిస్కుని దీపానికి ఎదురుగా పట్టి చూపించింది.

"తెలుసమ్మా. అందుకే తెచ్చాను," అన్నాడు స్టూలు మీద కూర్చున్న పెద్దాయన.

"ఒక్కసారి తిరిగితే తిరుగుతుంది. రెండోసారికి నేను పూచీ కాదు."

"ఒక్కసారి చాలు."

"రసీదు ఎవరి పేరున రాయను?"

పెద్దాయన ఒక అమ్మాయి పేరూ ఫోన్ నంబరూ రాసి ఉన్న చీటీ ఇచ్చాడు.

"ఈ అమ్మాయి పేరున. రేపు పిలిచి ఇవ్వండి. ఇందులో వాళ్ళమ్మ ఉంది. పోయిన నెలలో చనిపోయిందట, నాకు మొన్నే తెలిసింది."

"మీరేమవుతారు?"

"ఏమీ కాను. డిస్కు నా దగ్గర ఉండిపోయింది."

ఆవిడ డిస్కుని కంప్యూటర్లో పెట్టింది. తెర మీద తపాలా బిళ్ళలంత బొమ్మలు మూడు వచ్చాయి. దూరంగా మైకు వెనక ఎవరో గడ్డమాయన, గంటసేపు ఉపన్యాసం. పిల్లల డాన్సులు అరగంట. కుర్చీలో కూర్చున్న ఒకామె, పన్నెండు నిమిషాలు.

"ఉన్నది ఏడు జీబీ. నా దగ్గర మిగిలిన ఒక్క కొత్త డిస్కులో పట్టేది నాలుగు చిల్లర. పెద్ద పెట్టెలో బట్టలు చిన్న పెట్టెలో కూరాలి. ఎక్కడో కొయ్యక తప్పదు."

"ఎక్కడ కోస్తారు?"

"డాన్సు దగ్గర బిట్‌రేట్, అంటే బొమ్మకి పెట్టే తిండి, తగ్గించకూడదు. కదలిక ఉన్నచోట అది ఎక్కువ కావాలి. ఉపన్యాసం దగ్గర పెద్దమనిషి ముఖం బాగుండాలి, లేకపోతే నన్ను తిడతారు. ఇదిగో, ఈ కుర్చీలో ఆవిడ దగ్గర తగ్గిస్తా. లేవదు, నడవదు, మాటా పలుకూ లేదు."

మౌసుతో తెర మీద బిట్‌రేట్ గీతని కిందికి జరిపి, బొమ్మ ఎలా వస్తుందో చూపించింది.

ఆమె ముఖం బాగానే ఉంది. వేళ్ళు మాత్రం అతుక్కుపోయి ముద్దలా ఉన్నాయి.

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు.

"అక్కడ వద్దమ్మా. ఆవిడ మాట్లాడుతోంది."

"సౌండే లేదు కదండీ!"

"చేతులతో మాట్లాడుతోంది. రెండు వేళ్ళు లేస్తే ఒక మాట, మూడు లేస్తే ఇంకో మాట. ఇలా ముద్దయిపోతే ఆవిడ నత్తిగా మాట్లాడినట్టుంటుంది. ఆ పిల్లకి మిగిలింది ఈ పన్నెండు నిమిషాలే. వేళ్ళు కనబడాలి."

"సరే, అయితే పిల్లల డాన్సు కోస్తా."

"పాపం, వాళ్ళెందుకు? వినబడకపోయినా నేల అదురుని బట్టి అడుగులు నేర్చుకున్నారు."

"అన్నీ ఉంచమంటే ఎలా? డిస్కేమన్నా రబ్బరా, సాగడానికి?"

"ఉపన్యాసం తీసేయండి."

"గంట ఉపన్యాసమూ?"

"గంటసేపు ఎవరు మాట్లాడమన్నారు? బాగా సాగదీశాడు."

ఆవిడకి నవ్వొచ్చింది.

"ఆయన మీద మీకేదో పాత కోపం ఉన్నట్టుందే!"

"కొంచెం ఉంది."

"పూర్తిగా తీసేస్తే, ఆ ముక్క ఏదని రేపా అమ్మాయి నన్నడుగుతుంది. వినబడే మాట ఉంచుతా. బొమ్మ అడుగంటా కోస్తా. ముఖం గళ్ళదుప్పటిలా వస్తుంది మరి."

"రానివ్వండి."

"ముక్కెక్కడుందో మూతెక్కడుందో తెలీదు."

"తెలియక్కర్లేదు. అక్కడ కొయ్యండి."

కుర్చీలో ఆమె చేతుల దగ్గర కొట్టావిడ బిట్‌రేట్ ఒక్క పిసరు కూడా తగ్గించలేదు. డాన్సుకి చాలినంత ఇచ్చింది. కోతంతా ఉపన్యాసం మీద పెట్టి, మొత్తం సైజు కొత్త డిస్కుకి సరిపోయిందని రెండుసార్లు చూసుకుంది.

కంప్యూటర్లో ఖాళీ తక్కువ. పాత డిస్కుని చదువుతూనే కుదించి దాచింది. కొత్త డిస్కులోకి ఎక్కాక కంప్యూటర్లో ఉన్నది చెరిపేసింది. ఇతరుల ఇంటి బొమ్మలు కొట్టులో ఉంచుకోకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమం.

పాత డిస్కు బయటికి తీస్తుంటే ఆవిడ చేతిలోనే రెండు ముక్కలైంది.

"అయ్యో!"

"పోనీలెండి. పని అయ్యాకే కదా పోయింది."

పెద్దాయన ముక్కలు రెండూ జేబురుమాల్లో చుట్టుకున్నాడు.

"రేపటిదాకా ఉండి మీరే ఇవ్వొచ్చుగా?"

"బస్సు వేళయింది," అంటూ మెట్లు దిగాడు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. ఒకసారి చూసి తీసుకెళ్ళమని కొట్టావిడ, వాళ్ళమ్మ చేతులతో మాట్లాడే భాగం పెట్టింది.

అమ్మాయి తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"మా అమ్మకి పుట్టు చెవుడక్కా. ఏమంటోందో చెప్పనా? 'ఈ బడికి వచ్చేనాటికి నాకు ముప్ఫై ఏళ్ళు. ఆకలేస్తే కడుపు చూపించడం ఒక్కటే తెలుసు. ఇప్పుడు నా కూతురితో పోట్లాడగలను' అంటోంది."

నవ్వుతూనే ఏడ్చింది.

"ఎంత పోట్లాడేదో! ఒక్క వేలు కూడా చెదరలేదక్కా. మొదటి భాగం పెట్టవా? అందులో ఆ బడి మాస్టారు మాట్లాడారని అమ్మ చెప్పేది. అమ్మకి ఈ భాష నేర్పింది ఆయనే. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఫోటో తియ్యనిచ్చేవారు కాదట, ఒక్కటీ లేదు. బడి మూతపడ్డాక ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. అమ్మ పోయిందని చెబుదామని నెల నుంచి వెతుకుతున్నాను. ముఖమైనా చూస్తే గుర్తుపట్టొచ్చు."

మౌసు మీద కొట్టావిడ చెయ్యి ఆగిపోయింది.

"అక్కడ బొమ్మ సరిగ్గా రాలేదమ్మా."

"మాట వస్తుందిగా?"

"వస్తుంది."

తెర నిండా మట్టిరంగు గళ్ళు కదిలాయి. కళ్ళు, ముక్కు, గడ్డం, ఏదీ విడిగా తెలియలేదు.

"నేనెక్కువసేపు మాట్లాడనమ్మా," అని ఆ గళ్ళలోంచి ఒక గొంతు మొదలైంది.

నిన్న ఈ స్టూలు పక్కన నిలబడి, తన ముఖాన్నే కొయ్యమని అడిగిన గొంతు అది.