కోత లేని ఆపరేషన్

“అంత పెద్ద గర్భసంచి ఇంతింత బొక్కలకెల్లి ఎట్ల ఒస్తది? మేమేమన్న పిచ్చోళ్లమా?”

సారమ్మ గొంతుకు వనపర్తి పెద్ద దవాఖాన వరండా అంతా తల తిప్పి చూసింది.

పక్కన కూతురు మానస గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడాదిగా ఆగని రక్తస్రావంతో ముఖం పాలిపోయింది. గడ్డలున్నాయి, గర్భసంచి తీయాల్సిందే అన్నారు. అయితే పొట్ట కోయరట. నాలుగు చిన్న గాట్లు పెట్టి, కెమెరాలో చూస్తూ తీస్తారట.

సారమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. ఉత్తుత్తి ఆపరేషన్ చేసి పంపేస్తే అడిగేదెవరు?

బెంచీ మీది ముసలామె దగ్గరగా జరిగింది.

“భయపడకు చెల్లె. గదే మంచిది. మూడు దినాలల్ల ఇంటికి పోతది.”

సారమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. వెంట రోగి ఎవరూ లేరు, చేతిలో చీటీ లేదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరినీ పలకరిస్తూనే ఉంది.

“నీకెట్ల ఎరుక?”

ముసలామె అటూ ఇటూ చూసి కొంగు కాస్త జరిపింది. బొడ్డు కింద పొడుగ్గా, ఎగుడుదిగుడుగా పాత కోత మచ్చ.

“నన్ను గిట్ల కోసిండ్రు. చీము పట్టి ఆర్నెల్లు మంచంల పడ్డ. నీ బిడ్డకు గా గోస ఎందుకు?”

సారమ్మ అనుమానం ఇంకా ముదిరింది. ఒంటి మీది మచ్చ చూపించి మరీ ఒప్పిస్తోందంటే ఊరికే అయి ఉండదు.

“నిన్ను ఎవరు పెట్టిండ్రు ఈడ? గిట్ల ఎంతమందిని ముంచినవ్? సిగ్గు లేదా?”

ముసలామె ముఖం చిన్నబోయింది. కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

“అమ్మా, ఆమె మంచికే చెప్పిందేమో” అంది మానస.

“నీకు తెల్వదు, ఊకో. కోస్తెనే లోపలున్నదంతా కండ్లకు కనపడ్తది.”

సారమ్మ పట్టుబట్టి కూతుర్ని గద్వాలలోని ఓ ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లి పొట్ట కోయించింది. తీసిన సంచిని పళ్లెంలో పెట్టి చూపిస్తే గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

పదిహేను రోజులకు కుట్లు విడిపోయాయి. చీము, జ్వరం. మళ్లీ వనపర్తికే పరుగెత్తుకొచ్చింది.

డాక్టర్ సుహాసిని గాయం శుభ్రం చేస్తుంటే మానస పంటి బిగువున ఏడుపు ఆపుకుంది. సారమ్మ కూతురి తల నిమిరింది.

“మానడానికి రెండు మూడు నెలలైనా పడ్తదమ్మా. చిన్న గాట్లతోనే అయిపోయేది. ఎవరూ చెప్పలేదా?”

“చెప్పింది మేడం. బెంచీ మీద ఒక ముసలామె. నేనే నమ్మలే. ఏడుంటదో చెప్పుండ్రి, కాళ్లు మొక్కుత.”

డాక్టర్ చేయి ఆగింది.

“ఇప్పుడు వస్తలేదు. ఎవరో సిగ్గు లేదా అన్నరంట. అప్పటి సంది ఇల్లు కదుల్తలేదు.”

సారమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

డాక్టర్ తల వంచుకుని గాయానికి కట్టు కట్టసాగింది.

“ఆమె మా అమ్మ. నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు ఆమె గాయానికి రోజూ కట్టు కట్టి బడికి పోయేదాన్ని, అందుకే ఈ కోత లేని ఆపరేషన్ నేర్చుకున్న.”