లోపలి కాగితం

వానలు మొదలయ్యే ముందు చిగుసా గది కిటికీకి కొత్త అద్దం వేయించింది తల్లి సుమియె. వేయించి, దాని మీదికి పాత నల్ల తెరనే మళ్ళీ దించేసింది. ఎన్నడూ తెర తియ్యని కిటికీకి కొత్త అద్దం ఏం చేసుకోవడానికో అని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

చిగుసాకి పంతొమ్మిదేళ్ళు. బడి రెండో తరగతితోనే ఆగిపోయింది. కొండ దిగువన ఓడరేవు ఉందని ఆమెకు తెలుసు, పడవల కూత వినబడుతుంది కాబట్టి. ఆ పడవలు ఏ రంగువో తెలియదు.

ఒక్క వేలెడంత తెర తీస్తానని తల్లిని బతిమాలింది.

"కాగితం పెట్టి చూశాకే" అంది సుమియె. "కాగితం సరేనంటే నీ చేత్తో నువ్వే తీద్దువు గాని. అందాకా ముట్టుకున్నావో, ఊరుకోను."

ఆ కాగితం ఎదురింటి మురాసె ఇచ్చింది. సంఘం హాల్లో ఎండ అచ్చులు నేర్పేది ఆవిడే. మందు పూసిన కాగితం మీద ఆకో పువ్వో పరిచి, గాజుపలక అదిమి ఎండలో పెడతారు. ఎండ తగిలినంత మేరా నీలం తిరుగుతుంది, ఆకు ఉన్నచోటు తెల్లగా మిగులుతుంది. తర్వాత నీళ్ళలో కడిగి ఆరేస్తారు.

కానీ ఎండేదీ? వాన వదల్లేదు. చాపలు చెమ్మగిల్లి వాసన కొట్టాయి. చిగుసా తెర ముందు కూర్చుని నల్లగుడ్డనే చూసేది. తల్లి మీద కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు ఏడుపొచ్చేది. పొద్దస్తమానం ఒకే గాలి పీల్చి పీల్చి ఊపిరాడనట్టుండేది.

చివరికి ఒక పొద్దున మబ్బు విడిచింది. మురాసె గుప్పెడు ఫెర్న్ ఆకులు పట్టుకుని వచ్చేసింది. పేరుకి ఆకులివ్వడానికి, నిజానికి లోపలేముందో చూడటానికి.

సుమియె ముందుగా కూతుర్ని సామాన్ల గదిలోకి పంపి తలుపు మూసింది. ఒక కాగితాన్ని పెరటి గోడ మీద ఎండలో పెట్టింది. రెండోదాన్ని తెర వెనక, కిటికీ అద్దానికి లోపలివైపు ఆనించింది. రెండింటి మీదా ఒకే రకం ఆకు.

లోపలెందుకని మురాసె అడిగింది. సుమియె గోడ గడియారం వైపు తిరిగింది. మురాసె ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమీ అనుకోకండి సుమియె గారూ. చిలకని పెంచేవాళ్ళయినా పంజరాన్ని కాసేపు వసారాలో వేలాడదీస్తారు. ఆ పిల్ల ఏం చేసిందని?"

"ముందు అచ్చులు కానివ్వండి" అంది సుమియె, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా.

తలుపు వెనక చిగుసా అంతా విన్నది. చీకట్లో మోకాళ్ళు కౌగిలించుకుని, సరేననాలి, సరేననాలి అని లోపల్లోపలే అనుకుంటూ కూర్చుంది. కాదంటే మళ్ళీ నల్లగుడ్డే.

వంటింట్లో కుళాయి కింద మొదట బయటి కాగితం కడిగారు. నీలం చిక్కగా తేలింది. మధ్యలో ఫెర్న్ ఆకు, అంచు నొక్కులతో సహా తెల్లగా మెరిసింది. తన కాగితం గొప్పతనానికి మురాసె మురిసిపోయింది.

తర్వాత లోపలిది. పచ్చటి మందు నీళ్ళతో పాటే జారిపోయింది. ఆకు లేదు, నీలం లేదు. ఉత్త తెల్లకాగితం.

"అయ్యో, ఏమీ పడలేదే" అని మురాసె నొచ్చుకుంది. "ఇది దండగైపోయింది. ఇంకోటిస్తాను, ఈసారి బుద్ధిగా బయటే పెట్టండి."

సుమియె ఆ తడి కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. తిప్పి వెనకవైపు కూడా చూసింది. ఉన్నపళాన నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ముక్క కాగితానికి ఇంత ఏడుపా అని మురాసె బిత్తరపోయింది.

"చిగుసా" అని కేకేసింది తల్లి. "రా అమ్మా. తెర తీసుకో."

చిగుసా వచ్చింది. రెండు చేతులా తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది. మిట్టమధ్యాహ్నపు వెలుగు మొహం నిండా పడింది.

ఎండ సోకితే చాలు ఒళ్ళు బొబ్బలెక్కి పుండ్లయ్యే జబ్బుతో పుట్టిన ఆ పిల్ల, కాగితాన్ని కూడా నీలం చెయ్యలేనంతగా కొత్త అద్దం వడగట్టిన ఎండలో, మొహానికి ముసుగు లేకుండా నిలబడి పడవలను చూస్తోంది.