బస్టాండు దాకా

"మెట్టుంది, జర పైలం," అన్నాడు మధుకర్.

వనిత అతని చెయ్యి గట్టిగా పట్టుకుని జగిత్యాల కంటి దవాఖాన మెట్లు దిగింది. తోడొచ్చినవాళ్లను రానివ్వని లోపలి గదిలో కంటి నరం ఫొటో తీసేముందు చుక్కలు వేస్తారనీ, మూడు నాలుగు గంటలు అంతా మసకగా ఉంటుందనీ, తోడు లేనిదే రావద్దనీ మొదటి రోజే చెప్పారు. "అమ్మకు బస్సు పడదు, నువ్వే రా," అని ఆరు నెలల కిందట కోరుట్ల నుంచి ఆమె ఫోన్ చేస్తే, సిరిసిల్లలో మధుకర్ నడుస్తున్న మగ్గాలు ఆపేసి ఉరికాడు.

ఇద్దరూ మొగుడూ పెళ్లాలే. నిరుడు మగ్గానికి నూలు కండెలు చుడుతూ, "ఎర్ర పోగు వెలిసిపోయినట్టు కనవడుతుంది, కన్ను గుంజుతుంది," అని ఆమె మొత్తుకుంటే, "పని ఎగ్గొట్టెటందుకు ఏషాలు," అన్నాడు ఈ మహానుభావుడు. ఆ మాటకు ఆమె కోరుట్లలోని తల్లిగారింటికి పోయింది. నిజంగానే నరం వాచిందని తెలిశాక, ఇంటికి రమ్మని అడగడానికి ఇతనికి మొహం చెల్లలేదు.

ఇప్పుడు నెలకొక్కసారి ఈ చెయ్యి దొరుకుతుంది. అదీ దవాఖాన నుంచి బస్టాండు దాకానే. నెలలో మిగతా రోజులన్నీ ఆ కాస్త దూరం కోసమే ఎదురుచూపు.

ఇవాళ డాక్టరు ఫొటో చూపించి, "వాపు మొత్తం పోయింది. ఇగ వచ్చే పనిలేదు," అన్నాడు. మధుకర్ మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాడు. అంతలోనే దిగులు పట్టుకుంది. వచ్చే నెల ఏమని చెప్పి ఈ చెయ్యి పట్టుకోవాలి?

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నారు.

"కోరుట్ల బస్సు వచ్చిందా?" అడిగింది వనిత.

వచ్చింది. ఎదురుగానే ఉంది.

"ఇంక రాలె," అన్నాడు.

"కానీ తియ్యి, కూసుందాం."

బస్సు వాళ్ల ముందునుంచే వెళ్లిపోయింది. ఇంత అబద్ధమాడినందుకు మధుకర్‌కు సిగ్గేసింది. 'మనింటికి పోదాం పా' అని అడిగే ధైర్యం మాత్రం చాలలేదు.

ఫోన్ మోగింది. దవాఖానలో ఫొటోలు తీసే తేజస్విని.

"అన్నా, వనితక్క ఫైలు ఇక్కన్నే మర్చిపోయిండ్రు."

"జరసేపాగి వస్త మేడం. చుక్కల మసక ఇంక తగ్గలె, ఆమెను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

"చుక్కలెక్కడియన్నా? కొత్త మిషన్ వచ్చింది గదా, నాలుగు నెలల సంది ఎవ్వలికీ ఎయ్యట్లేదు!"