చదివిపెట్టే పిల్ల

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం, బెంగాల్లో తెలుగువాళ్ళు స్థిరపడ్డ సుభాష్‌పల్లిలో సూసన్న గేటు ముందు ఒక ముసలావిడ వచ్చి నిలబడింది.

ఎదురింటి ఎస్తేరమ్మకు దూరపు చుట్టమట. మేడ గదిలో దిగింది. పేరు దోర్కా.

"కళ్ళు సరిగా ఆనడం లేదు తల్లీ. మీ పాప రోజూ కాసేపొచ్చి ఏదన్నా సదివిపెడతాదా?"

ఫోను మోగితే చెడు కబురే అనుకునే మనిషి సూసన్న. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి పిల్లని ఎలా పంపడం?

పైగా కూతురు జాయ్‌కి నత్తి.

ఐర్లాండ్‌లో పై చదువుకి దరఖాస్తు పెట్టుకుంది. మార్కులకు లోటు లేదు. కానీ సెలవులు అయ్యేలోగా అక్కడి ప్రొఫెసర్లు కంప్యూటర్లో ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తారట. అప్పుడు నోరు పెగలకపోతే సీటు లేనట్టే. ఆ దిగులుతోనే పిల్ల పొద్దస్తమానం పుస్తకాల్లో తల దూర్చి కూర్చుంటోంది.

సూసన్న కాదనేలోపే జాయ్ తలూపింది. చూపు ఆనని మనిషి తన మూతి వంకర చూడదు కదా అనుకుంది కాబోలు.

ఆ మర్నాటి నుంచి మేడ మీంచి జాయ్ గొంతు వినిపించేది. ఒక మాట దగ్గర ఆగేది. చాలాసేపు ఆగేది. మళ్ళీ సాగేది.

ఇక్కడ వంటింట్లో సూసన్న ప్రాణం విలవిల్లాడేది. ఇంటర్వ్యూకి తయారు కావలసిన పిల్ల ముసలమ్మకి కథలు చదువుతూ కూర్చుంటే సీటు వస్తుందా? వర్క్‌షాప్ నుంచి వచ్చిన భర్త జాన్ పాల్‌తో రోజూ అదే గొడవ. పోనీలే, నోరన్నా తెరుస్తోంది కదా అనేవాడు అతను.

అంతలో చర్చి ఆవరణలో కళ్ళ క్యాంపు పెట్టారు.

సూసన్నకు దారి దొరికింది. ఆవిడకి చూపు వస్తే తన పిల్లకి విడుదల. దోర్కా ఎన్ని సాకులు చెప్పినా వినకుండా, చెయ్యి పట్టుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించింది.

బెంగాలీ డాక్టరు లైటు వేసి చూశాడు. బోర్డు మీది అక్షరాలు చదవమన్నాడు. దేవుడి ఆవరణలో అబద్ధం ఆడలేక కాబోలు, ఆవిడ ఆఖరి వరుస దాకా చదివేసింది.

"మాసీమా ఆంఖ్ ఏక్‌దమ్ ఠీక్ హై దీదీ," అని నవ్వాడు డాక్టరు, కళ్ళకి ఏ లోటూ లేదని తేల్చేసి.

సూసన్న నవ్వలేదు. దారంతా ఆవిడని కడిగేసింది.

"ఈ వయసులో నాటకాలేటమ్మా? నీకు పొద్దుపోక నా పిల్ల బతుకుతో ఆడినావా?"

దోర్కా తల వంచుకుంది.

"నన్నెన్నయినా అను తల్లీ. ఇంటర్వ్యూ అయ్యేదాకా పాపకి మాత్రం సెప్పకు."

సూసన్న చెప్పలేదు. పిల్లని మళ్ళీ ఆ మేడ ఎక్కనివ్వనూ లేదు.

ఇంటర్వ్యూ రోజు తలుపు అవతల మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తూ విన్నది. లోపల జాయ్ మాట ఆగింది. సూసన్న ఊపిరీ ఆగింది.

చాలాసేపటికి మాట సాగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ సాగింది. ఎవరో నవ్వారు, జాయ్ కూడా నవ్వింది.

తలుపు తెరుచుకుంది.

"రమ్మన్నారమ్మా."

"భయమెయ్యలేదేటే?"

"వాళ్ళని సూడనేదమ్మా. ఎదురుగా మేడమీది మామ్మే కూర్సున్నాదనుకున్నాను. మామ్మకి తొందరుండదు కదా."

చెప్పులైనా వేసుకోకుండా సూసన్న ఎదురింటికి పరుగెత్తింది.

మేడ గదికి తాళం వేసి ఉంది.

"ఇప్పుడే టేసనుకి ఎల్లిపోనాది," అంది ఎస్తేరమ్మ. "మీ కిటికీ కింద నిలబడి పాప మాటలన్నీ ఇన్నాది. అవ్వగానే సంచీ తీసుకున్నాది. తను టీచరని తెలిస్తే పిల్ల నోరు మూసుకుపోతాదని, నా సేత ఒట్టు కూడా ఏయించుకున్నాది."

"టీచరా?"

విశాఖపట్నంలో నత్తి పిల్లలకు మాట నేర్పుతూనే తల నెరిసిన ఆ మనిషి, నాలుగు రోజులుండి వెళదామని వచ్చి, సూసన్న ఇంటి వరండాలో చప్పుడు రాకుండా పెదవులు కదుపుతున్న జాయ్‌ని చూసి, వేసవంతా ఆగిపోయింది.