ఆదివారం షికార్లు

"నానమ్మ మిమ్మల్ని చూడటం ఇదే మొదలు. బెదిరిపోకండర్రా," అని కారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి తల్లి పిల్లలకు మళ్ళీ చెప్పింది. ప్రేమపెళ్ళి చేసుకున్నారని అత్తగారు ఇన్నేళ్ళూ గడప తొక్కనివ్వలేదు. ఇప్పటికి రమ్మని కబురు పెట్టింది.

"నాన్నా, ఈ సందే. దాటిపోతున్నావు," అంది చిన్నది.

పెద్దవాడు గబుక్కున చెల్లెలి నోరు మూశాడు.

తల్లి భర్త వైపు చూసింది. "ఆదివారం షికారని వీళ్ళను తీసుకెళ్ళింది ఇక్కడికా?"

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అమ్మ వద్దన్నది నిన్నొక్కదాన్నే. చెబితే బాధపడతావని..."

"నేనే టిఫిన్ డబ్బాలు సర్ది పంపాను," అందామె.

కారు ఆగింది. గేటు లోపలి కుక్క పిల్లల్ని చూసి తోకాడించింది. చిన్నది దిగి తల్లి చెయ్యి పట్టుకుంది.

"నా వెనకాలే రా అమ్మా. అది కొత్తవాళ్ళనే కరుస్తుంది."