అట్ట మీద తమ్ముడు

పర్యావరణం, ప్రమాదాల నివారణ గురించి మా ఫ్యాక్టరీ వేయించిన పుస్తకం అట్ట మీద మా తమ్ముడున్నాడు. ముక్కూ నోరూ కప్పేసిన మాస్కుతో, కళ్ళతోనే నవ్వుతూ.

ఫ్యాక్టరీ వదిలే రంగునీళ్ళ తొట్టి కడగడానికి దిగి, గ్యాసు పీల్చి పోయాడు వాడు. పరామర్శకొచ్చిన మేనేజరు ఆ పుస్తకమే అమ్మ చేతిలో పెట్టాడు.

"చూడండమ్మా, మాస్కిచ్చాం. మీవాడే తీసేసుంటాడు."

అమ్మ అట్టను చరిచింది. "ఎందుకు తీశావురా, మొండి వెధవా! చిన్నప్పుడు స్వెట్టరైనా ఒంటిమీద ఉంచుకున్నావా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడు తియ్యలేదమ్మా. ఫొటో అవగానే నా కళ్ళముందే ఈయనే లాక్కుని పెట్టెలో దాచాడు."

మేనేజరు లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

అమ్మ తిట్టడం ఆపేసింది. బొటనవేలి గోరుతో ఆ మాస్కును గీకడం మొదలుపెట్టింది. రంగు పోయి తెల్లటి అట్ట బయటపడింది. తమ్ముడి మొహం రాలేదు.